ఒంటిపొరలో అమ్మ గొంతు

భూమి నెలవంక

కిటికీలో నెలవంకంత భూమిని చూసి, పొద్దుటి ప్రార్థన ముగించుకొని తొట్టెక్కాను. తీగ మీద కిందికి దిగుతుంటే వెనక కొండ అంచున ఎండ, ముందు చీకటి. చంద్రుడి మీద ఈ గుంట అడుగుకు సూర్యుడు ఏనాడూ తొంగిచూడలేదు. ఆ చలి చూసే మా నీడపాలెం పెద్దలు చలిగదిని ఇక్కడ కట్టారు.

అమ్మ గొంతున్న పొరకు ఊతం ఇచ్చాను. యంత్రం అద్దం మీద గీత లేచింది, ఊగింది, ఆగింది. ఎప్పుడూ ఆ గీతకు పొడుగాటి తోక ఉండేది. ఇవాళ పొట్టిగా ఉంది.

పొర ఉన్న ఇంటి పెద్దకూతురు రోజూ నాలుగు మాటలు రాసిపెట్టాలని చలిగది నియమం. ఇన్నేళ్ళూ నేను రాసింది ఒక్క మాటే: క్షేమం. ఇవాళ ఆ మాట రాయలేదు.

నెలవంక కాస్త పెరిగింది

తోక ఇంకా తగ్గింది. యంత్రం తప్పేమోనని పక్కింటివారి పొరను, వాళ్ళ అనుమతితోనే, అదే యంత్రానికి పెట్టి చూశాను. దాని తోక బారెడు ఉంది. తప్పు యంత్రానిది కాదు.

భూమి నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు పొరంటే ఏమిటని అడుగుతారు. నేను బొంగరాల సంగతి చెబుతాను. ఒక్క అణువు మందాన ఉన్న అయస్కాంతపు రేకు అది. అందులో కంటికి కనబడని బొంగరాలు వరసలు వరసలుగా, అన్నీ ఒకే దిక్కుకు తలెత్తి ఉంటాయి. ఒకటి తల ఊపితే పక్కది ఊపుతుంది, దాని పక్కది ఊపుతుంది. ఆ ఊపు అలలా సాగుతుంది. మనిషి మాట ఆ అల మీదికి ఎక్కితే గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. కానీ బొంగరమన్నాక సోలుతుంది. సోలడాన్ని మేము మందగింపు అంటాం. చలిలో మందగింపు తక్కువ. రోజూ ఒకసారి ఊతమిస్తే చాలు, మాట ఆగదు.

మరి మామూలు యంత్రాల్లో దాచుకోలేదా అంటారు. దాచుకున్నాం. నా చిన్నతనంలో సూర్యుడి నుంచి ఎండ తుపాను వచ్చి కొండ మీది యంత్రాల్లో ఉన్నవన్నీ కాల్చిపోయింది. పెళ్ళి ఫోటోలు, ఉత్తరాలు, పాటలు, అన్నీ. గుంటలో ఉన్న పొరలు మాత్రం మిగిలాయి. అప్పటి నుంచి గొంతులు ఇక్కడే.

భూమి పావు వంతు

చెల్లెలు హెప్సీబా పొద్దున్నే దీపాల కింద గోంగూర కోస్తూ కూర్చుంది. ఏడో నెల. వంగలేక ఆయాసపడుతోంది.

"పులుసు పెట్టక్కా. బిడ్డ అడుగుతుంది."

"బిడ్డా, నువ్వా?"

"ఇద్దరం. వాడు నాకు చెబుతాడు, నేను నీకు చెబుతాను."

పులుసు పెట్టాను. గిన్నె మూతి నాకుతూ అడిగింది. "అమ్మ గొంతు నా బిడ్డకి ఏం చెప్పిద్ది అక్కా?"

"నాకేం తెలుసు. వినేది బిడ్డలేగా."

అది ఇక్కడి కట్టడి. విన్నప్పుడల్లా పొరలో కొంత ఊపు పోతుంది. పెద్దవాళ్ళకు ఒకసారి వింటే మళ్ళీ వినబుద్ధవుతుంది, మళ్ళీ మళ్ళీ అవుతుంది. అందుకే మొదటి తరంవాళ్ళు తేల్చారు: ఇంట బిడ్డ పుట్టినప్పుడు, పేరు పిలవకముందు, ఆ బిడ్డ చెవికి మాత్రమే. చెవిగిన్నె కూడా ఒకటే చేశారు, పసిచెవికి పట్టేంత. తమ్ముడి పిల్లలిద్దరూ అలాగే విన్నారు. విన్నవాళ్ళు చెప్పలేరు. చెప్పగలిగినవాళ్ళు వినలేదు.

అమ్మ గొంతు నాకు గుర్తే. హెప్సీకి లేదు. అమ్మ పోయేనాటికి అది పాలపిల్ల.

గీత సంగతి దానికి చెప్పలేదు.

సగం భూమి

చలిగది పొరలు చూసే జకర్యాగారిని పిలిచాను. ఈ పొరలతోనే చదువు, ఈ పొరలతోనే బతుకు ఆయనది. అమ్మ పొరను దీపం దగ్గరికి తెచ్చి చాలాసేపు చూశాడు.

"అక్కగారూ, దీని మీద ఈ తెల్లటి పూత ఎవరు వేయించారండి?"

"మా తమ్ముడు కృపావరం. పోయిన సమాధుల పండక్కి, మీరు ఇక్కడ లేనప్పుడు. ప్లాటినం అది."

"అంతకుముందు బూడిదరంగుది ఒకటి ఉండాలే?"

"కడిగించాడు. మాసిందనుకున్నాం."

జకర్యాగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

మాకు ఇక్కడ సమాధులు లేవు. మట్టి లేదు, పూడ్చే వీలు లేదు. కానీ సమాధుల పండుగ మానలేదు. భూమి మీద మా వాళ్ళు ఆ రోజున పాత సున్నం గీకి, సమాధికి కొత్త సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించేవారట. ఇక్కడ పొరల చట్రాలు తుడుస్తాం, రంగు వేస్తాం, కాగితం పూలు పెడతాం. పోయినేడు తమ్ముడు పాత సున్నం గీకినట్టే పాత పూతను తీయించాడు. ఇరవై ఇళ్ళవాళ్ళు వచ్చి చూశారు. మెరుస్తుంటే నేనూ స్తోత్రం చెప్పాను.

"అది మాసింది కాదండి," అన్నాడు జకర్యాగారు. "అడ్డుపూత. పొరకీ బయటికీ మధ్య గోడలాంటిది. ప్లాటినం బరువైన లోహం. దానికి ఊపంటే ఆశ. పక్కన ఎవరు తల ఊపుతున్నా ఆ ఊపు లాగేసుకుంటది."

"ఇన్నాళ్ళూ బాగానే ఉంది కదయ్యా."

"కడిగినా అక్కడక్కడా కొంచెం మిగిలుంటది లెండి. ఆ మిగిలినదాని సందుల్లోంచి ప్లాటినం మెల్లగా అణుగుతా వచ్చి పొరని తాకింది. ఇంకా తాకుద్ది."

"పైపైన తాకితే అంత నష్టమా?"

"అట్ట మందాన ఉన్న అయస్కాంతమైతే పైన పోయినా లోపల మిగిలిద్దండి. ఒంటిపొరకి లోపలేది? అంతా బయటే."

ఆ మాట పట్టుకొని తొట్టిలో పైకి వచ్చాను. దారంతా కీర్తన పాడుకోవాలని చూశాను. రాలేదు.

సగం దాటింది

తమ్ముడి జల్లెడ కొట్టానికి వెళ్ళాను. చంద్రుడి దుమ్ము జల్లించి ప్లాటినం తీయడం వాడి పని. మొహమంతా బూడిద. నన్ను చూసి జల్లెడ ఆపాడు. హెప్సీ అప్పటికే అక్కడుంది, వాడికి అన్నం తెచ్చింది. ఇద్దరికీ ఒకేసారి చెప్పాను.

తమ్ముడు చేతిలోని జల్లెడ కింద పెట్టాడు.

"మంచిదే పూయించానక్కా," అన్నాడు చివరికి. "అందరి అమ్మలకీ ఏదో రంగు. మన అమ్మకి నేను జల్లించినదే పూయిద్దామని. నెలల తరబడి పక్కన దాచాను ఆ రవ్వంత."

"తెలుసు నాన్నా."

"నీ షోకు," అంది హెప్సీ. గొంతు గట్టిగా ఉంది గాని కళ్ళు అలా లేవు. "అమ్మ బతికున్నప్పుడు పిల్లి పిల్లకి స్నానం చేయించి చంపావంట. అక్క చెప్పింది. ఆ చెయ్యే ఇది."

"ఆ పిల్లి బతికింది."

"మూడు రోజులు."

వాడు నవ్వబోయాడు, నవ్వలేకపోయాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటే బూడిద ఇంకా పరుచుకుంది.

"బిడ్డ పుట్టేదాకా ఉంటదా గొంతు, అక్కా?" అని హెప్సీ అడిగింది.

ఉండదని జకర్యాగారు ముందే నాతో అన్నాడు. ఆ మాట దానికి నేనే చెప్పాను. ఇంకొకరి నోట వినడం కంటే మేలు.

ఆదివారం

ఆరాధన ముగిసే ముందు తమ్ముడు లేచి నిలబడ్డాడు. వాడు సంఘంలో నోరు విప్పి ఎన్నేళ్ళయిందో.

"వచ్చే సమాధుల పండక్కి ప్లాటినం పూయమని చాలామంది నన్ను అడిగారు," అన్నాడు. "ఎవరూ పూయించొద్దు. మా అమ్మ గొంతు నా చేతులతో నేనే ఆర్పుతున్నాను. మీ వాళ్ళ మీదున్న ఆ బూడిదరంగుది మసి కాదు. దాన్ని ముట్టుకోమాకండి."

కూర్చున్నాడు. వెనక వరుసలో ఎవరిదో బిడ్డ ఏడ్చింది. ప్రార్థనయ్యాక ముసలివాళ్ళు ఒకరొకరుగా వచ్చి వాడి తల మీద చెయ్యి పెట్టి వెళ్ళారు.

మధ్యాహ్నం వరండా కిటికీ దగ్గర కూర్చున్నాను. మొదటి రోజుల్లో ఇంత వరండా లేదు. మంచు మూటలు పేర్చి కట్టిన గది ఒకటే. లోపల గాలి పలచన, టీ తొందరగా మరిగేది గాని వేడెక్కేది కాదు. అమ్మ ఆ చల్లటి టీ చేతిలో పట్టుకొని ఈ కిటికీలోంచే భూమిని చూసేది. మబ్బు కనబడితే "చీరాలలో వాన" అనేది. అది ఏ దేశమో, ఏ సముద్రమో. నాన్న నవ్వేవాడు. నాన్న పోయాక కూడా అనేది. నవ్వేవాళ్ళు లేక ఆ మాట కాస్త మెల్లగా వచ్చేది.

ఇవాళ భూమి మీద చాలా మబ్బుంది.

భూమి ముప్పావు

తమ్ముడు, జకర్యాగారు, నేను చలిగదిలో కలిశాం. ఉన్న దారులన్నీ చూశాం.

ప్లాటినం ఒలిస్తే పొర చిరుగుతుంది. ఊతం పెంచితే అల చెదురుతుంది. నిన్న కొంచెం పెంచి చూశాం. గీత తోక పెరగలేదు సరికదా వంకరలు తిరిగింది. ఉయ్యాలను కొలతకు మించి నెడితే తాడు మెలికపడినట్టు. వెంటనే తగ్గించాం.

నకలు తీసే యంత్రం సంగతి ఎత్తాడు తమ్ముడు. పైస్థావరంలో ఒకటుంది, వాడు బతిమాలి తెప్పించాడు కూడా.

"నకలు తీద్దామక్కా. ఎట్టా ఉన్నా సరే."

జకర్యాగారు తల అడ్డంగా ఊపాడు. "యంత్రం ఒక్కసారి వింటే చాలదన్నా. పది చుట్లు వింటేగాని కూడుకోలేదు. ఇందులో ఇప్పుడు ఒక్క చుట్టుకే ఊపుంది. మొదటి చుట్టు అయ్యేసరికి మిగిలేది గరగరే."

"మనిషి చెవికైతే?"

"చెవి తెలివైందండి. సగం వినబడినా మిగతాది పోల్చుకుంటది. ఒక్కసారికి సరిపోద్ది." వేలు ఒకటి ఎత్తి చూపాడు. "ఒక్కసారికే."

ఇంకా రెండు నెలలుంది పురిటికి. పొర పదిరోజులు కూడా ఉండదు.

పెద్దకూతురు చేతిలో ఉంటుంది పొర. ఏం చేయాలో నేనే చెప్పాలి. ఇద్దరూ నా వైపు చూశారు. రేపు చెబుతానన్నాను.

భూమి దాదాపు నిండింది

రేపు అన్నది మూడు రోజులైంది. చెప్పలేదు.

నకలు తీయించి, గరగరలో అమ్మ నీడ ఏదన్నా మిగులుతుందేమో, దాన్నే బిడ్డ చెవిలో పెడదామని ఒకసారి అనిపిస్తుంది. ఎవరూ వినకుండా పొరను దానంతట దాన్ని నిమ్మళించనిద్దామని ఒకసారి. కట్టడి తప్పినట్టు ఉండదు. అమ్మ కూడా అలాగే పోయింది, నెమ్మదిగా, మేమందరం చుట్టూ ఉండగా, ఎవరికీ ఏమీ చెప్పకుండా. ఊపిరితిత్తుల నిండా దుమ్ము. చివరి వారం మాట లేదు.

గొంతు ఎక్కించింది అంతకు నెల ముందు. చలిగది పక్కనున్న చిన్నగదిలో. "ఇంకోసారి చెప్పండమ్మా, బాగా వస్తది" అని అప్పటి మేస్త్రి అడిగితే, "ఒక్కసారి చాలయ్యా, మనసులో ఉన్నది చెప్పేశాను" అందట.

మోకాళ్ళ మీద కూర్చున్నాను. దీపాలు ఆర్పే వేళ దాటింది. అలాగే కూర్చున్నాను.

నిండు భూమి

పొద్దున హెప్సీ వచ్చి నా మంచం అంచున కూర్చుంది.

"నేను వింటానక్కా."

"కట్టడి ఉంది."

"ఉంది."

"అది నీ బిడ్డ సొత్తు."

"బిడ్డకి నేనున్నాను. నా గొంతు వింటాడు. నీ గొంతు వింటాడు, నువ్వు వద్దన్నా వింటాడు, పొద్దస్తమానం నువ్వు పాడే పాటలున్నాయిగా." మోచేత్తో నన్ను పొడిచింది. తర్వాత నవ్వు పోయింది. "అమ్మ ఎట్టా ఉండేదని నువ్వు చాలాసార్లు చెప్పావు. చెయ్యి ఎట్టా ఉండేది, చీర ఎట్టా కట్టేది. గొంతు ఎట్టా ఉండేదంటే మాత్రం 'బాగుండేది' అంటావు. అంతకంటే ఎవరు చెప్పగలరు? నేను తల్లిని కాబోతున్నాను, నాకు నా తల్లి గొంతు తెలవదు."

నేను దుప్పటి మడత పెట్టాను.

"నువ్వు పెంచావు. నాకు ఏ లోటూ లేదు. అయినా అడుగుతున్నాను."

దాని చెయ్యి తీసుకున్నాను. చల్లగా ఉంది.

"చెప్పులేసుకో," అన్నాను. "తొట్టిలో చలి."

నిండు భూమి, మధ్యాహ్నం

ముగ్గురం దిగాం. జకర్యాగారు ముందే వచ్చి అన్నీ సర్దిపెట్టాడు. తమ్ముడు గది బయటే నిలబడిపోయాడు. రమ్మన్నా రాలేదు.

చెవిగిన్నె పసిచెవికి చేసింది. హెప్సీ చెవికి సరిగ్గా పట్టలేదు. చేత్తో అదిమి పట్టుకుంది. నేను ప్రార్థన చేశాను, రెండే మాటలు. ఊతం ఇవ్వలేదు. జకర్యాగారు వద్దన్నాడు. ఉన్నది ఉన్నట్టే వినాలన్నాడు.

మీట నొక్కాను.

నాకు ఏమీ వినబడలేదు. దాని మొహమే చూస్తూ ఉన్నాను. ముందు కనుబొమలు ముడిచింది, దూరం నుంచి ఎవరో పిలిస్తే పోల్చుకునేటప్పటిలాగా. తర్వాత ముడి విడిపోయింది. పెదవులు కదిలాయి, తను కూడా ఆ మాటలు వెంట వెంట అనుకుంటున్నట్టు. ఒకచోట నవ్వింది. తర్వాత కళ్ళు పెద్దవి చేసి నావైపు చూసింది, నన్ను కొత్తగా చూస్తున్నట్టు.

అద్దం మీద గీత ఊగి ఊగి సాపైంది. కొలబద్ద పెట్టి గీసినట్టు.

చాలాసేపు చెవిగిన్నె తీయలేదు. జకర్యాగారు మెల్లగా తీశాడు.

"నేనున్నానక్కా అందులో," అంది. "ఏడుస్తున్నాను. అమ్మ నన్ను ఎత్తుకొని ఉంది."

అవును. ఆ రోజు అమ్మ చిన్నదాన్ని ఎవరికీ ఇవ్వలేదు. నేను ఎంత అడిగినా.

"నన్ను ఊరుకోబెట్టింది. ఆమె గొంతుతో."

బయట తమ్ముడు గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చొని ఉన్నాడు. హెప్సీ పోయి, పొట్ట పట్టుకొని, కష్టం మీద వాడి పక్కన కూలబడింది.

"ఏమందే?" అన్నాడు.

"ముందు బిడ్డకి చెబుతా. అది కట్టడి." వాడి భుజం మీద తల పెట్టింది. "నీ గురించి కూడా తిట్టిందిలే."

"నిజమా?"

"లేదు. కానీ తిట్టుండేది."

వాడు నవ్వాడు. ఈసారి నవ్వు ఆగలేదు, ఆగక ఏడుపైంది.

నేను పొర చట్రం తుడిచి దాని చోట పెట్టాను. ఇవాళ రాయవలసిన మాట ఏమిటో తెలియక ఇదంతా రాశాను.

భూమి తరిగి, మళ్ళీ పెరుగుతోంది

రోజూ పొద్దున తొట్టి దగ్గరికి నడిచి వెనక్కి వస్తున్నాను. కాళ్ళకు తెలియదు కదా. తొట్టి నడిపేవాడు రెండు రోజులు చూసి, మూడో రోజు నుంచి "అమ్మా, రండి, ఊరికే దిగొద్దురు" అంటున్నాడు. ఒకసారి దిగాను. జకర్యాగారు పక్కింటివారి పొరకు అడ్డుపూత సరిగ్గా ఉందో లేదో చూస్తున్నాడు. ఆ సాయంకాలం అన్నిటినీ చూస్తూ ఆయన వెంట తిరిగాను. చూసిన ప్రతిదానికీ బూడిదరంగు చెక్కుచెదరలేదు.

భూమి నెలవంక

మగబిడ్డ. పొద్దున పుట్టాడు. ఏడవడానికి ఆలోచించాడు గాని, మొదలుపెట్టాక ఆపలేదు.

పురిటిగదిలో నేను, తమ్ముడు, హెప్సీ, పైస్థావరం పనిలోంచి సెలవు మీద వచ్చిన దాని భర్త. పేరు ఇంకా పిలవలేదు. హెప్సీ దిండ్ల మీదికి జరిగి బిడ్డను దగ్గరికి తీసుకుంది. వాడి చెవి దగ్గర నోరు పెట్టింది. మేం ముగ్గురం బయటికి వెళ్ళబోయాం.

"ఉండండి," అంది. "ఇప్పుడు కట్టడి లేదు. పొర కాదుగా, నేను."

కళ్ళు మూసుకొని చెప్పింది. దాని గొంతే. కానీ మాటల మధ్య ఆగే తీరు దానిది కాదు.

"వచ్చావా తండ్రీ. భయపడమాక. ఇక్కడ గాలి మనం చేసుకున్నదే, నీళ్ళు మనం కరిగించుకున్నవే. దేవుడు కూడా మనతోపాటే వచ్చాడు, నాకు తెలుసు. ఎక్కడున్నా వెచ్చగా ఉండు."

అక్కడ ఆగింది. ఊపిరి తీసుకుంది. అమ్మకు అక్కడ దమ్ము చాలలేదేమో.

తర్వాత గొంతు తగ్గించింది. "ఊరుకో, ఊరుకో చిట్టెమ్మా. అయిపోయింది."

బిడ్డ నిజంగానే ఊరుకున్నాడు. తమ్ముడు గోడవైపు తిరిగాడు.

హెప్సీ కళ్ళు తెరిచింది. బిడ్డ మీంచి నావైపు చూసింది. ఇంకో మాట మిగిలింది, చివరిది, అది బిడ్డకు కాదు. అది ఎవరిదో వాళ్ళకే అప్పజెప్పినట్టు, ఉన్నదున్నట్టు చెప్పింది.

"పెద్దదానా. ఆ తలుపెయ్యవే. పిల్లకి చలేస్తంది."

అమ్మ గొంతు ఎక్కించిన ఆ రోజు చిన్నగది తలుపు సందున నిలబడింది నేను. అమ్మ ఏమంటుందో వినాలని. పెదవులు కదలడం కనబడింది, నావైపు చూసి ఏదో అనడం కనబడింది. యంత్రాల రొదలో మాట అందలేదు. ఇన్నేళ్ళూ అది దీవెనలో ఒక మాట అనుకున్నాను.

పురిటిగది తలుపు ఓరగా ఉంది. వరండాలోంచి చలి వస్తోంది.

నేను లేచి వెళ్ళి తలుపు వేశాను.